బంగారు రజనూ నల్లయిసుకా

కాకినాడనుండి ఉత్తరముగా, కుడిచేతివైపు కడలి యెడతెగక ఘోషించుచుండగా సాగు తీరమార్గమున పోయినచో ఎదురగు ఉప్పాడ గ్రామమునకు చేపలవేటయు జాందానీ నేతయు అను రెండు వృత్తులు చిరకాలముగా అన్నము పెట్టుచున్నవి. ఈ రెండింటికి తోడు, తుపాను వెలిసిన మరునాడు మాత్రమే సాగునట్టి మూడవ వ్యాపకమొకటి అచ్చట కలదు. కెరటములు ఒడ్డును కోసి వెనుదిరిగిన పిమ్మట, ఆడువారును పిల్లలును ముసలివారును తడియిసుకపై వంగి, దానిని వ్రేళ్లతో కెలకుచు, పుల్లలతో గీయుచు, బంగారు రజనుకొరకు, అదృష్టము కలిసివచ్చినచో ఏ పాత నగ తునుకకొరకో వెదకుదురు. 2020 నవంబరులో నివర్ తుపాను పోయిన పిదప ఈ వెదకులాట పత్రికల కెక్కి దేశమంతట తెలిసినది; ఊరివారికి మాత్రమది క్రొత్త కాదు. సముద్రము మ్రింగిన పాతగుళ్లలోని, మేడలలోని పసిడియే ఇట్లు మరల ఒడ్డు చేరుచున్నదని వారి నమ్మకము. తీరము ఏటేట కోతపడుచు, ఇండ్లును దారులును కడలిపాలగుచున్న ఊరిలో ఆ నమ్మకమును నిరాధారమని త్రోసిపుచ్చుటకు వీలులేదు.

పసిడిని వెదకువారు పట్టించుకొనక ప్రక్కకు నెట్టివేయు పదార్థము మరియొకటి ఆ తీరమున కలదు. అది నల్లయిసుక. తూర్పుకనుమలలోని ఖోండలైటు, చార్నొకైటు అను ప్రాచీనశిలలు ఎండకు వానకు శిథిలమై, ఏళ్లవెంట కొట్టుకొనివచ్చి, కడలిలో కలిసి, తిరిగి కెరటములచే ఒడ్డునకు చేర్చబడినప్పుడు, అందలి బరువైన ఖనిజకణములు తేలికయగు తెల్లయిసుకనుండి వేరుపడి చారలు చారలుగా నిలుచును. ఇందు నలుపునకు ముఖ్యకారణము ఇల్మెనైటు. దానితో కూడ ఎఱ్ఱని గార్నెటు, సిల్లిమనైటు, జిర్కాను, రుటైలు, వీనియన్నిటికంటె తక్కువపాలుగా పసుపుగోధుమ వన్నెగల మోనజైటు ఉండును. శ్రీకాకుళమునుండి గోదావరి కృష్ణల ముఖద్వారముల వరకు గల తెలుగుతీరమున ఇట్టి ఇసుకమేటలు పెక్కుచోట్ల ఉన్నట్లు అణుఖనిజ శాఖవారు కనుగొనియున్నారు. ఆ శాఖకు ప్రధానకార్యాలయము హైదరాబాదులోనే కలదు. సామాన్యమైన ఇసుక నీటికంటె రెండున్నర రెట్లకు కొంచెము మించిన బరువుగలది కాగా, మోనజైటు సుమారు ఐదురెట్లు, బంగారము పందొమ్మిది రెట్లు బరువు గలవి. కావుననే కెరటము ఈడ్చుకొనిపోవునపుడు తేలికవి పోయి బరువైనవి మిగులుచున్నవి.

మోనజైటులో థోరియమను లోహము కలదు. ఆ లోహము ఎవ్వరి ప్రేరణయు లేకయే అతివేగముగల సూక్ష్మకణములను నిరంతరము వెలిజిమ్ముచుండును. వానికి ఆల్ఫాకణములని పేరు. ఒక శతాబ్దికి పూర్వము మాంచెస్టరు నగరమున పరమాణువు లోగుట్టును బయలుపరచిన ప్రయోగమునకు కావలసివచ్చిన పదార్థములు ప్రధానముగా రెండే: ఒకటి ఆల్ఫాకణములు, రెండవది పలుచని బంగారురేకు. కొట్టునదియు కొట్టబడునదియు రెండును ఉప్పాడ ఇసుకలో ఒకదాని ప్రక్కన నొకటి పడియున్నవన్నమాట. పసిడికై వంగినవారికి ఈ సంగతితో పనిలేకపోవచ్చును గాని, పదార్థమన నేమి అను ప్రశ్న ఎవరిని బాధించుచున్నదో వారికి ఆ తీరముకంటె మంచి పాఠశాల దొరకదు.

మాంచెస్టరు ప్రయోగమును గూర్చి కొంత నిదానముగా చెప్పవలెను. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనుటతో పరమాణువు అభేద్యమను పాతసిద్ధాంతము కూలిపోయెను. ఎలక్ట్రాను ఋణవిద్యుత్తు గలది, మిక్కిలి తేలికయైనది. పరమాణువు మొత్తముమీద విద్యుత్తు లేనిది, బరువైనది. కనుక మిగిలిన బరువును, ఋణవిద్యుత్తును సరిదూచు ధనవిద్యుత్తును ఎచ్చట నున్నవి? పరమాణువంతట సమముగా పరచుకొనియున్న ధనవిద్యుద్గోళములో ఎలక్ట్రానులు అక్కడక్కడ పొదుగబడి యున్నవని థామ్సన్ భావించెను. ఎర్నెస్టు రూథర్‌ఫర్డ్ ఆచార్యుని యొద్ద గైగర్ అను జర్మను యువకుడును, అప్పటికి ఇరువది యేండ్లు నిండీనిండని మార్స్‌డెన్ అను విద్యార్థియు, 1909 మొదలు ఈ ఊహను పరీక్షించిరి. గాలిలో ఆల్ఫాకణము కొన్ని సెంటిమీటర్లకే అలసి ఆగిపోవును గనుక పాత్రనుండి గాలిని తోడివేసి, రేడియమునుండి పుట్టిన పదార్థము వెలువరించు కణములను లోహపురేకులపై పడనిచ్చి, అవతల గంధకిత జింకు పూసిన పలకపై అవి తగిలినపుడు పుట్టు మినుకులను చీకటిగదిలో సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా లెక్కించిరి. యంత్రములు లెక్కించు ఈ కాలమున ఆ ఓపికను మనము ఊహించుటయే కష్టము.

బంగారమునే యేల ఎన్నుకొనవలెనన్న, సాగగొట్టుటలో దానికి సాటివచ్చు లోహము లేదు. వారు వాడిన రేకు మందము సెంటిమీటరులో లక్షవంతులకు నాలుగు వంతులు. అయినను అందు పరమాణువుల పొరలు వెయ్యికి మించియుండును. సెకనుకు దాదాపు 19,000 కిలోమీటర్ల వేగముతో వచ్చు ఆల్ఫాకణములలో అత్యధికభాగము ఆ వేయిపొరలను అసలు లేనట్లే దాటిపోయినవి. కొన్ని స్వల్పముగా ప్రక్కకు తొలగినవి. కాని వేలలో ఏ ఒక్కటియో వచ్చినదారినే వెనుకకు మరలెను! థామ్సన్ చెప్పినట్లు ధనవిద్యుత్తు అంతట పలుచగ పరచియున్నచో ఇది సంభవించరాదు. దీని భావమేమో తేల్చుటకు రూథర్‌ఫర్డునకు రెండేండ్లు పట్టినది. పరమాణువులోని ధనవిద్యుత్తంతయు, బరువు దాదాపంతయు, నడుమ నొక అత్యల్పస్థానమున పోగుపడి యున్నదనియు, దానికి అతిసమీపముగా పోయిన కణము మాత్రమే తిప్పికొట్టబడుచున్నదనియు ఆయన 1911లో ప్రకటించెను. ఏ కోణమున ఎన్ని కణములు మరలవలెనో ఆయన గణితము చెప్పగా, గైగర్, మార్స్‌డెనులు 1913లో లెక్కించిచూచి సరియని నిరూపించిరి. ఆ నడిమి భాగమునకే కేంద్రకమని పేరు.

అది యెంత చిన్నదో చెప్పుటకు సున్నలు చుట్టుటకంటె మన తావునే కొలబద్దగా పెట్టుకొనుట మేలు. బంగారు పరమాణువు అడ్డుకొలత దాని కేంద్రకపు అడ్డుకొలతకు ఇంచుమించు ఇరువదివేల రెట్లు. కేంద్రకమును ఒక మీటరు గుండుగా పెంచి ఉప్పాడ ఒడ్డున నిలిపినచో, దాని పరమాణువు పొలిమేర అన్ని దిక్కులకు పదేసి కిలోమీటర్లు పోయి, పడమట పిఠాపురము దరిదాపులకు చేరును. ఈ మధ్యగల ప్రదేశమంతట ఎలక్ట్రానులు 79 తప్ప వేరేమియు లేదు. అవి గ్రహములవలె నిర్ణీతకక్ష్యలలో తిరుగునని తొలుత తలచిరి గాని, తరువాతి క్వాంటము సిద్ధాంతము ప్రకారము అవి ఫలానాచోట నున్నవని చెప్పుటకు వీలుకాదు. ఎచ్చట ఎంత సంభావ్యత గలదో మాత్రమే చెప్పవచ్చును. ఇక బరువు మాట: ఎనిమిది గ్రాముల కాసులో ఎలక్ట్రానుల బరువంతయు కూర్చినను రెండు మిల్లీగ్రాములు కాదు. తూకమువేసి మనము కొనునది కేంద్రకములనే.

ఆలాగయినచో కేంద్రకము బరువెక్కినకొలది లోహము బరువెక్కవలెను గదాయని అడుగువారుందురు. సీసపు కేంద్రకము బంగారపు కేంద్రకముకంటె బరువైనది; కాని ఘనసెంటిమీటరు సీసము పదకొండు గ్రాములు, అంతే పసిడి పందొమ్మిది గ్రాములు. బరువును కేంద్రకమే యిచ్చును గాని, ఒక పరమాణువు ఎంతచోటు ఆక్రమించుకొనవలెను, ప్రక్కదానితో ఎంతదగ్గరగ ఒదుగవలెను అను ఏర్పాటు ఎలక్ట్రానుల చేతిలోనిది. వన్నెయు వానిదే. ఉప్పాడ చీరకు అంచున మెరయు మేలిజరీ, పట్టుదారముపై వెండితీగ చుట్టి, దానిపై బంగారుపూత పూసి చేయబడినది. కేంద్రకమునకు ధనవిద్యుత్తు నిచ్చు కణములగు ప్రోటానులు వెండికి 47, బంగారమునకు 79. ఇంత హెచ్చయిన ధనవిద్యుత్తు లాగుటచేత బంగారములోని మిక్కిలి లోపలి ఎలక్ట్రానుల వేగము కాంతివేగములో సగమునకు మించిపోవును. అంత వేగమున ఐన్‌స్టీన్ సాపేక్షతా సూత్రములు ప్రవర్తించి, ఎలక్ట్రానుల శక్తిస్థానములు కొంచెము జరుగుటచేత బంగారము నీలికాంతిని మ్రింగి పచ్చని కాంతిని తిరిగి యిచ్చుచున్నది. వెండికి ఆ గతి పట్టలేదు గనుక తెల్లగ నిలిచినది. నేతగాని మగ్గముపై సాపేక్షతా సిద్ధాంతము మెరయుచున్నదనుట అతిశయోక్తి కాదు.

పసిడిని కోరినవారిలో కెరటమును నమ్మినవారొక తెగ, కుంపటిని నమ్మినవారు మరియొక తెగ. మన దేశమున రసవాదులు పాదరసమును పుటములు పెట్టి, గంధకముతో మర్దించి, మూలికల పసరులతో కలిపి బంగారముగా మార్చవలెనని తరతరములు శ్రమించిరి. వారి ఎన్నికలో చిత్రమైన యాదృచ్ఛికము కలదు: పాదరసపు కేంద్రకమున ప్రోటానులు 80; ఒక్కటి తగ్గినచో అదియే బంగారము. ప్రక్కింటి తలుపుదాకా పోయి వారు వెనుదిరిగిరి. కుంపటియు ఆమ్లములును తాకగలిగినది వెలుపలి ఎలక్ట్రానులను మాత్రమే. కేంద్రకమువరకు వాని చేయి చాలదు. 1941లో అమెరికాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు విద్యుత్తు లేని న్యూట్రానులను కణములతో వేగముగ పాదరసమును కొట్టి నిజముగనే బంగారము సృష్టించిరి. కాని లభించినది కొలది దినములలోనే నశించిపోవు రేడియోధార్మిక జాతి. ఖర్చుమాట అడుగనక్కరలేదు.

పరమాణువునకు ప్రోటానుల సంఖ్యయే గోత్రమని తేల్చినవాడు మోజ్లీ యను ఆంగ్లయువకుడు. 1913, 14 సంవత్సరములలో అతడు అల్యూమినియము మొదలు బంగారము వరకు గల మూలకములనుండి వెలువడు ఎక్స్‌కిరణములను కొలిచి, వాని పౌనఃపున్యము ఒక మూలకమునుండి తరువాతి మూలకమునకు మెట్టు తప్పక హెచ్చుచున్నట్లు చూచి, ఆ మెట్లసంఖ్యయే కేంద్రకముమీది ధనవిద్యుత్తని నిర్ణయించెను. ఆ మెట్లవరుసలో బంగారమునకు 79వ స్థానము లభించుటయేగాక, నడుమ మూడుస్థానములు ఖాళీగానున్న విషయమును బయటపడి, ఇంకను కనుగొనవలసిన మూలకముల జాడ తెలిసినది. మరుసటి యేటనే ఇరువదియేడేండ్ల ఆ ప్రతిభాశాలి గల్లిపోలి యుద్ధరంగమున తుపాకిగుండునకు బలియయ్యెను.

మోజ్లీ నడచిన ఈ ఎక్స్‌కిరణముల బాటనే పట్టి కేంద్రకమువరకు పోయిన తెలుగువాడొకడు గోదావరి మండలమున పుట్టినాడు. భీమవరము చెంతగల గొరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, యౌవనముననే ఇల్లు విడచి హిమాలయములకు పోయి తపస్సుచేసి, స్వామి జ్ఞానానందయను పేరుతో వేదాంతమును బోధించుటకు జర్మనీ చేరి, అచ్చట నవీనభౌతికశాస్త్రముచే ఆకర్షింపబడి, నడివయస్సున మరల విద్యార్థియయ్యెను. ప్రేగు నగరమునందలి చార్లెసు విశ్వవిద్యాలయమున ఎక్స్‌కిరణ వర్ణపటములపై పరిశోధించి డాక్టరుపట్టమంది, పిదప లివర్‌పూలునకు పోయి, న్యూట్రానును కనుగొన్న జేమ్సు ఛాడ్విక్ నడపు ప్రయోగశాలలో బీటాకిరణములను కొలుచు పనిలో మునిగెను. ఎక్స్‌కిరణము లోపలి ఎలక్ట్రానుల కబురు తెచ్చును. బీటాకిరణము సాక్షాత్తు కేంద్రకమునుండి వచ్చును. అనగా ఆయన ప్రాకారముదాటి గర్భగుడిలో అడుగు పెట్టినాడు. అమెరికాలో నుండగా శూన్యము సాధించు విధానములపై ‘హై వాక్యువా’ అను గ్రంథమును వ్రాయగా 1947లో న్యూయార్కున అచ్చయినది. చిన్న విషయముగ తోచవచ్చును గాని, పాత్రలోని గాలిని తోడివేయుట చేతగాని చోట కేంద్రకశాస్త్రమే లేదని పైన మాంచెస్టరు ముచ్చటలోనే చూచితిమి. స్వదేశమునకు మరలిన పిదప కొంతకాలము ఢిల్లీలోని జాతీయ భౌతికప్రయోగశాలలోను, 1950లనుండి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునను పనిచేసి, అచ్చట కేంద్రకభౌతికశాస్త్ర శాఖను తన చేతులమీదుగా నిలబెట్టెను. 1969లో ఆయన గతించెను. ఆ విశ్వవిద్యాలయపు కేంద్రకపరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టియున్నారు. కాషాయము కట్టినవాడు బీటాకిరణములను కొలుచుట వైరుధ్యముగ కొందరికి తోచినది. ఆయనకు తోచినట్లు లేదు.

ఛాడ్విక్ 1932లో కనుగొన్న న్యూట్రాను ఏమి చిక్కు విప్పినదో యిప్పుడు చూతము. బంగారు కేంద్రకమున ప్రోటానులు 79. అన్నియు ధనవిద్యుత్తు గలవే. సజాతి విద్యుత్తులు వికర్షించుకొనును గదా. ఇంత ఇరుకుచోట అవి ఒక్కక్షణమైనను కలిసియుండుట ఎట్లు? విద్యుత్తుకంటె బలవత్తరమైన వేరొక ఆకర్షణ వానిని పట్టియుంచుచున్నది. దానికి ప్రోటాను న్యూట్రాను అను భేదము లేదు. కాని దాని చేయి మిక్కిలి పొట్టిది: ఒకటి రెండు కణముల దూరము దాటినచో అది లేనట్లే. ఇందువలన పెద్దకేంద్రకములకు గొప్ప ఇబ్బంది వచ్చిపడినది. ప్రతి ప్రోటానును తక్కిన అన్ని ప్రోటానులచేతను త్రోయబడుచున్నది, పట్టుకొనునవి మాత్రము పొరుగుననున్న కొన్నియే. విద్యుత్తు లేక పట్టుమాత్రము గల న్యూట్రానులను హెచ్చుగ చేర్చుకొనుటయే దీనికి మందు. కాల్షియమునకు ఇరువదికి ఇరువది చాలును. బంగారమునకు 79 ప్రోటానులకు 118 న్యూట్రానులు కావలసివచ్చినవి. ఈ మందును కొంతదూరమువరకే పనిచేయును. 83 ప్రోటానుల బిస్మతు దాటినపిదప శాశ్వతముగ నిలుచు కేంద్రక మొక్కటియు లేదు.

కట్టుబడుటకు కేంద్రకము వెల చెల్లించును. 79 ప్రోటానులను 118 న్యూట్రానులను విడివిడిగ తూచి కూడినదానికంటె, కూడియున్న బంగారు కేంద్రకము నూటికి సుమారు 0.8 పాళ్లు తక్కువ తూగును. ఎనిమిది గ్రాముల కాసున ఈ తరుగు ఇంచుమించు 67 మిల్లీగ్రాములు. ఇది కంసాలి వేసిన తరుగు కాదు, వేసినవారిని నిందించుటకును లేదు. ఆ తక్కువైన ద్రవ్యము, కేంద్రకము ఏర్పడిననాడే ఐన్‌స్టీన్ సూత్రానుసారముగ శక్తిగామారి వెలికి పోయినది; దానిని తిరిగి చెల్లించినగాని కణములు విడివడవు.

థోరియమునకు వత్తము. దాని కేంద్రకమున ప్రోటానులు 90, న్యూట్రానులు 142. అనగా ఎల్ల దాటినది. రెండు ప్రోటానులు రెండు న్యూట్రానులు గల గట్టి మూటనొకదానిని విసరివైచి అది భారము తగ్గించుకొనును. ఆ మూటయే ఆల్ఫాకణము. అంతటితో శాంతి కలుగదు. మరల మరల ఆల్ఫాకణములు మొత్తము ఆరు, న్యూట్రాను ప్రోటానుగా మారునపుడు వెలువడు బీటాకణములు నాలుగు విడచి, నడుమ రేడియము మొదలగు పెక్కు రూపములెత్తి, కడపట సీసమై స్థిరపడును. ఎంతకాలమునకు? థోరియపు పరమాణువులలో సగము మారుటకు 1,400 కోట్ల యేండ్లు పట్టును. విశ్వమునకు నేడు శాస్త్రజ్ఞులు చెప్పు వయస్సు సుమారు 1,380 కోట్లు. ఐనను పరమాణువులు అసంఖ్యాకములు గనుక, గ్రాము థోరియములో సెకనుకు నాలుగువేల కేంద్రకములు ఈ దీర్ఘయాత్రకు బయలుదేరుచునేయుండును. ఏ ఒక్కదాని వంతు ఎప్పుడు వచ్చునో చెప్పగల శాస్త్రము లేదు. అంతకాలము ఆగుట యెందుకన, ఆల్ఫాకణమునకు కేంద్రకపు టంచున గల శక్తిప్రాకారమును ఎగిరి దాటునంత బలము లేదు. క్వాంటము నియమములు అనుమతించు అత్యల్పసంభావ్యతచే అది ఆ గోడగుండా ఏనాడో ఒకనాడు ఆవలకు వెడలుచున్నదని 1928లో గామోవ్ వివరించెను.

వెలువడిన ఆల్ఫాకణము రెండు ఎలక్ట్రానులను చేరదీసికొన్నచో హీలియము వాయువగును. దీనిని రూథర్‌ఫర్డ్, రాయిడ్సు కలిసి ప్రయోగపూర్వకముగ 1909 నాటికి నిరూపించిరి. ఈ హీలియము కథలో తెలుగుదేశమునకు పాత్ర కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన తీరముమీదుగ పోయినపుడు, ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ గుంటూరున వర్ణపటదర్శినితో కాచుకొనియుండి సూర్యుని అంచునగల జ్వాలలను పరిశీలించెను. ఆ గ్రహణమున కనబడిన పసుపురేఖ భూమిమీద తెలిసిన ఏ మూలకముదియు కాదని పిమ్మట లాకియర్ తేల్చి, సూర్యుని గ్రీకుపేరుమీదుగా దానికి హీలియమని నామకరణము చేసెను. భూమిపై దానిని 1895లో రామ్సే ఒక యురేనియపు రాతినుండి రాబట్టెను. 1908లో హాలండులోని లైడెనున కామర్లింగ్ ఓన్స్ మొట్టమొదటిసారి ద్రవరూపమునకు దింపిన హీలియము మోనజైటు ఇసుకనుండి వచ్చినదే. యుగయుగములుగా ఇసుకరేణువులో చిక్కుకొనిపోయిన ఆల్ఫాకణములను ఆయన వేడిచేసి వెలికితీసినాడు.

ఇచ్చట నాకు ముఖ్యమని తోచిన మాటయొకటి కలదు. ఉప్పాడ కడలికంటె విధ్వంసకారి మరియొకటి ఆ ప్రాంతమున లేదు. అది రహదారిని తెంచును, అడ్డువేసిన రాళ్లను దొరలించును, ఉప్పుగాలితో ఇనుమును త్రుప్పుచేసి రాల్చును. కాని త్రుప్పుపట్టుట, కరగుట, మండుట ఇవన్నియు ఎలక్ట్రానుల చేతులుమారుట మాత్రమే. ఒక ఎలక్ట్రాను ఒక వోల్టు పీడనమున పొందు శక్తిని ఎలక్ట్రాను వోల్టు అందురు. రసాయనచర్యలలో పరమాణువొక్కటికి చేతులుమారునది అట్టివి కొన్ని మాత్రమే. థోరియము విడచు ఆల్ఫాకణము శక్తి నలుబది లక్షల ఎలక్ట్రాను వోల్టులు. ఈ రెండు కొలతల నడుమనున్న అగాధముచేత కేంద్రకమునకు వెలుపలి లోకమున ఏమి జరుగుచున్నదో తెలియదు. ఇసుకను కాల్చినను, ఆమ్లములో కరగించినను, తుపానులో కలచినను థోరియము తన లెక్క ఒక్కటియు తప్పదు. పసిడి కేంద్రకము ఎంతకాలము కడలి అడుగున నున్నను పసిడియే. మారనిది బయటినుండి మారదు. మారునది బయటివారి మాట వినదు.

ఒకటి స్థిరము, మరియొకటి అస్థిరము అయినను ఈ రెండింటిది ఒకే పుట్టుక. సూర్యునికంటె ఎంతో బరువైన నక్షత్రముల గర్భములో తేలిక కేంద్రకములు కలిసి బరువెక్కుట ఇనుము చెంతకు వచ్చునప్పటికి ఆగిపోవును. అంతకు మించినవి పుట్టుటకు న్యూట్రానుల వెల్లువ కావలెను. 2017 ఆగస్టు 17వ తేదీన రెండు న్యూట్రాను నక్షత్రములు ఢీకొన్న వార్తను గురుత్వతరంగములు తెచ్చినపుడు, ఆ తాకిడివెలుగులో బరువైన మూలకములు అప్పుడే పుట్టుచున్న ఆనవాళ్లను ఖగోళశాస్త్రజ్ఞులు చూచిరి. మన బంగారములో ఎక్కువపాలును, థోరియమంతయు అట్టి వెల్లువలోనే, భూమి యేర్పడుటకు ఎంతోముందు పుట్టినవని నేటి విజ్ఞానము చెప్పుచున్నది.

నల్లయిసుకకు ఈనాటి వ్యవహారమున గల విలువ కూడ కొంచెము చెప్పవలెను. అందలి జిర్కానునుండి తీయు జిర్కోనియము న్యూట్రానులను దాదాపుగా మ్రింగదు. అందుచే రియాక్టరులలో యురేనియపు గుళికలను నింపు గొట్టములకు దానినే వాడుదురు. అట్టి గొట్టములను, గుళికలను తయారుచేయు అణుఇంధన సముదాయము 1971నుండి హైదరాబాదున పనిచేయుచున్నది. థోరియము మాత్రము యురేనియమువలె తానై చీలి మంటపెట్టునది కాదు. ఒక న్యూట్రానును మ్రింగినచో అది బరువైన థోరియమై, ఆపై సగము కేంద్రకములు 22 నిమిషములకు మారు లెక్కన ప్రోటాక్టినియమై, అది 27 దినముల లెక్కన యురేనియము 233 అగును. అప్పుడు గాని చీలదు. మన దేశమున యురేనియము కొంచెము, థోరియము సమృద్ధి గనుక, హోమీ భాభా మూడంచెల ప్రణాళికలో కడపటి అంచెను దీనిమీదనే నిలిపెను. కల్పాకములో 1996లో ప్రారంభమైన ‘కామిని’ అను 30 కిలోవాట్ల చిన్న రియాక్టరు యురేనియము 233తోనే నడచునది. దానినుండి పెద్ద విద్యుత్కేంద్రమునకు పోవుదారిలో ఒక మొండి ఆటంకము కలదు: థోరియమునుండి యురేనియము 233 పుట్టునపుడే దానితో కూడ యురేనియము 232 కొంచెము పుట్టును. దాని సంతతిలోని థాలియము విడచు గామాకిరణములు ఎంత తీవ్రములనగా, ఆ యింధనమును చేతితో తాకుట మాట అటుంచి, దట్టమైన గోడల వెనుకనుండి యంత్రహస్తములతోనే గుళికలుగ చేయవలెను. ఇంధనమును ఎంతకాలము నిలువచేసిన అంతకంతకు ఆ తీవ్రత కొన్నియేండ్లవరకు హెచ్చుచునే యుండును.